సౌరమచ్చల పాత లెక్కలు: 1778, 1957 శిఖరాలను ఒకే గ్రాఫులో పోల్చవచ్చా?

ప్రశ్న: వక్రరేఖ

అందరికీ నమస్కారం. డిగ్రీ చివరి సంవత్సరం భౌతికశాస్త్ర విద్యార్థుల చేత సౌరచక్రంపై, అంటే సూర్యుడి మీది నల్లని మచ్చలు సుమారు పదకొండేళ్లకోసారి పెరిగి తగ్గడంపై, ఒక ప్రాజెక్టు చేయిస్తున్నాను. బెల్జియం రాజ వేధశాలలోని సిల్సో కేంద్రం 1700 నుంచి నేటి వరకు ఏడాదికొక సౌరమచ్చల సంఖ్యను ఉచితంగా అందిస్తోంది. ఆ పట్టికను దించుకొని గ్రాఫు గీయడం, దాని నుంచి పదకొండేళ్ల ఆవర్తనాన్ని గణితపరంగా రాబట్టడం, ఆ తరువాత శిఖరాల ఎత్తుల్లో శతాబ్దాల వెంబడి మార్పు ఏమైనా కనిపిస్తుందేమో చూడడం మా పని.

మొదటి రెండూ సాఫీగానే జరిగాయి. మూడోదాని దగ్గర చిక్కు వచ్చింది. మా గ్రంథాలయంలోని ఒక పాత పాఠ్యపుస్తకంలో ఇవే విలువల పట్టిక ఉంది. దానిలో 1957 విలువ సుమారు 190, 1778 విలువ సుమారు 154. ఇప్పుడు దించుకున్న పట్టికలో అవి వరుసగా 269, 257. అన్ని విలువలూ ఒకే నిష్పత్తిలో పెరిగి ఉంటే కొలమానం మారిందని సరిపెట్టుకునేవాళ్లం. కానీ 1957కు ఆ నిష్పత్తి 1.42 కాగా, 1778కి 1.67. అంటే పాత పుస్తకం ప్రకారం ఇరవయ్యో శతాబ్దపు శిఖరం పద్దెనిమిదో శతాబ్దపు శిఖరం కంటే దాదాపు నాలుగో వంతు ఎత్తుగా ఉంది, కొత్త పట్టికలో మాత్రం రెండూ ఇంచుమించు సమానంగా కనిపిస్తున్నాయి. ఎప్పుడో జరిగిపోయిన పరిశీలనల ఫలితం ఇప్పుడెలా మారుతుందని విద్యార్థులు అడుగుతున్నారు.

దీనికి తోడు మరో సందేహం. 1645 నుంచి 1715 వరకు సూర్యుడిపై మచ్చలు దాదాపు లేవని, దానిని మాండర్ కనిష్ఠం అంటారని పుస్తకాలు చెబుతున్నాయి. నిజంగానే మచ్చలు లేవా, లేక చూసి రాసిపెట్టినవారు లేరా? ఈ రెంటినీ వేరుచేసి చెప్పగల ఆధారం ఏమిటి? తెలిసినవారు వివరంగా రాయగలరు.

జవాబు: పాతపటం

వక్రరేఖ గారూ, మీ విద్యార్థులు పట్టుకున్న ఆ రెండు నిష్పత్తుల తేడాలోనే విషయమంతా ఉంది. సిల్సో పట్టికలో ఉన్నది మచ్చల సంఖ్య కాదని ముందుగా వారికి చెప్పండి. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో రూడాల్ఫ్ వోల్ఫ్ 1848లో రూపొందించిన సూచిక అది. కనబడిన గుంపుల సంఖ్యను పదితో హెచ్చించి, దానికి విడివిడి మచ్చల సంఖ్యను కలిపి, ఆ మొత్తాన్ని పరిశీలకుడికి తగిన ఒక గుణకంతో హెచ్చిస్తారు. కాబట్టి సూర్యబింబం మీద ఒకే ఒక్క మచ్చ ఉన్న రోజున, గుణకం 1 అనుకుంటే, సంఖ్య 1 కాదు, 11. ఆ గుణకం ఎందుకంటే, ఒకే సూర్యుణ్ణి ఒకే రోజున ఇద్దరు చూసినా వారి టెలిస్కోపు, వారి కంటి చూపు, వారి ఊరి ఆకాశం, అన్నిటికంటే ముఖ్యంగా దేనిని మచ్చగా లెక్కించాలన్న వారి నిర్ణయం వేరువేరు గనుక.

వోల్ఫ్ తన గుణకాన్ని 1 అనుకున్నాడు. ఆయన మరీ చిన్న చుక్కలను లెక్కలోకి తీసుకునేవాడు కాదు. వోల్ఫ్ ఆ తరువాత పనిచేసిన జూరిక్‌లో 1876లో ఆయనకు సహాయకుడిగా చేరిన ఆల్ఫ్రెడ్ వోల్ఫర్ కనబడినదల్లా లెక్కించాలన్న పట్టుదల గలవాడు. 1893లో వోల్ఫ్ మరణించేదాకా ఇద్దరూ సమాంతరంగా చూశారు కనుక, వోల్ఫర్ లెక్కను వోల్ఫ్ లెక్కలోకి మార్చాలంటే 0.6తో హెచ్చించాలని తేలింది. ఆ తరువాత వందేళ్లకు పైగా ప్రపంచమంతా తన లెక్కలను 0.6తో తగ్గించి, లేని వోల్ఫ్ కొలమానంలోనే ప్రకటిస్తూ వచ్చింది. 2015 జులై 1న సిల్సో విడుదల చేసిన రెండో కూర్పులో ఈ తగ్గింపును వదిలేసి వోల్ఫర్‌నే ప్రమాణంగా తీసుకున్నారు. 1ని 0.6తో భాగిస్తే 1.67. మీ 1778 నిష్పత్తి అదే. ఇందులో సూర్యుడి గురించిన కొత్త సంగతేమీ లేదు, ప్రమాణం మాత్రమే మారింది.

1957 సంగతి వేరు. 1945లో మాక్స్ వాల్డ్‌మయర్ జూరిక్ బాధ్యతలు చేపట్టాక, 1947 నుంచి పెద్ద మచ్చలకు ఎక్కువ బరువు ఇచ్చే పద్ధతి అక్కడ స్థిరపడింది. ఉపఛాయ (నల్లని నడిభాగం చుట్టూ ఉండే లేత అంచు) గల పెద్ద మచ్చ ఒకటే ఉన్నా దాని పరిమాణాన్ని బట్టి రెండుగానో, మూడుగానో, గరిష్ఠంగా అయిదుగానో లెక్కించేవారు. పెద్ద మచ్చలో ఎక్కువ అయస్కాంత క్షేత్రం ఉంటుంది గనుక ఈ ఆలోచనలో అర్థం లేకపోలేదు. కానీ వందేళ్లుగా నడుస్తున్న లెక్క మధ్యలో కొలబద్దను మార్చి, మార్చిన సంగతి వరుసలో ఎక్కడా కనిపించకుండా కొనసాగించడం సబబు కాదని నా అభిప్రాయం. జూరిక్ పద్ధతినే పాటిస్తూ వచ్చిన, స్విట్జర్లాండ్‌లోనే ఉన్న లొకార్నో పరిశీలన కేంద్రంలో ఒకే రోజు బరువులతోనూ, బరువులు లేకుండానూ లెక్కించి చూసినప్పుడు, ఈ పద్ధతి సంఖ్యను సుమారు 18 శాతం పెంచుతోందని తేలింది. రెండో కూర్పులో ఆ పెరుగుదలను తీసేశారు. 1.67ను 1.18తో భాగించి చూడండి, మీ 1.42 దాదాపుగా వచ్చేస్తుంది.

విద్యార్థులకు ఒక మంచి అభ్యాసం సూచిస్తాను. ప్రతి ఏడాదికీ కొత్త విలువను పాత విలువతో భాగించి, ఆ నిష్పత్తినే గ్రాఫుగా గీయమనండి. 1917లో పాత విలువ 104, కొత్తది 174, అక్కడ నిష్పత్తి 1.67గానే ఉంటుంది. 1947 దగ్గర మెట్టులా కిందికి దిగుతుంది. 1981లో బాధ్యత జూరిక్ నుంచి బ్రస్సెల్స్‌కు మారాక లొకార్నో లెక్కల్లో నెమ్మదిగా వచ్చిన తేడాను కూడా సరిదిద్దారు గనుక ఆ తరువాత కొంత ఊగిసలాట కనిపిస్తుంది. సూర్యుడి చరిత్రతో పాటు సూర్యుణ్ణి చూసినవారి చరిత్ర కూడా ఆ పట్టికలో ఉందని చెప్పడానికి ఆ ఒక్క గ్రాఫు చాలు.

ఇక 1778 విలువ ఎంత గట్టిది అంటే, 1957 విలువంత గట్టిది కాదు. 1749 నుంచి సుమారు అయిదు దశాబ్దాల పాటు మనకున్న ప్రధాన ఆధారం న్యూరెంబర్గ్‌లోని స్టౌడాకర్ అనే ఔత్సాహికుడు గీసిన చిత్రాలు. ఆయన రోజూ చూడలేదు, చిన్న మచ్చలను చాలావరకు గీయలేదు. అటువంటి చిత్రాలకు సరైన గుణకం నిర్ణయించడానికి వోల్ఫ్ ఒక తెలివైన మార్గం పట్టాడు. అయస్కాంత సూచి ప్రతిరోజూ ఉదయం నుంచి మధ్యాహ్నానికి కొద్దిగా పక్కకు జరిగి మళ్లీ వెనక్కు వస్తుంది. ఆ జరుగుబాటు సౌరచక్రంతో పాటే పెరిగి తగ్గుతుందని 1852లో ఆయనతో పాటు మరికొందరు గుర్తించారు. సూర్యుడి అతినీలలోహిత కిరణాలు పై వాతావరణాన్ని అయనీకరించడం వల్ల అక్కడ ప్రవహించే విద్యుత్తే దానికి కారణమని మనకు ఇప్పుడు తెలుసు. ఆ సూచి రికార్డులతో సరిచూసుకొని వోల్ఫ్ పాత పరిశీలకుల లెక్కలను సవరించాడు. కాబట్టి 257 అన్న అంకెకు ఆధారం లేకపోలేదు, కానీ దాని చుట్టూ ఉన్న అనిశ్చితి 257కూ 269కీ మధ్య తేడా కంటే చాలా పెద్దది. 1778, 1957 శిఖరాలలో ఏది పెద్దదో ఈ పట్టిక ఆధారంగా చెప్పలేము. రెండూ బలమైన చక్రాలేనని మాత్రం చెప్పవచ్చు.

జవాబు: సందేహి

పాతపటం గారు చెప్పినదాన్ని బట్టే నా అభ్యంతరం. ఒక ఔత్సాహికుడు వీలున్నప్పుడు గీసిన బొమ్మలను, మరొకరు అయస్కాంత సూచి సాయంతో సవరించి, ఇంకొకరు వందేళ్ల తరువాత 0.6తో భాగించి ఇచ్చిన అంకె మీద సూర్యుడి గురించి నిర్ధారణలు చేయడం శాస్త్రమేనా? 1818కి ముందు రోజువారీ లెక్కలే లేవు. 1749కి ముందు నెలవారీ సగటులు కూడా లేవు. పదిహేడో శతాబ్దం సంగతి చెప్పనక్కరలేదు. గెలీలియో, షైనర్‌ల కాలంలో మచ్చలు కొత్త వింత గనుక అందరూ చూశారు, వింత తీరిపోయాక మానేశారు. మాండర్ కనిష్ఠం ఆ ఆసక్తి కనిష్ఠమే కావచ్చు కదా. ఫొటోలు ఉన్న 1874 నుంచి మాత్రమే తీసుకొని, మిగతాది పక్కన పెట్టమని విద్యార్థులకు చెప్పడం మేలు.

జవాబు: తాళపత్రం

సందేహి గారి ప్రశ్న పాతదే. పంతొమ్మిదో శతాబ్దం చివర జర్మనీలో ష్పోరర్, ఇంగ్లండులో వాల్టర్ మాండర్ ఈ డెబ్బై ఏళ్ల నిశ్శబ్దాన్ని ఎత్తిచూపినప్పుడు చాలామంది ఇదే మాట అని పక్కన పెట్టారు. 1976లో జాక్ ఎడ్డీ ఈ విషయాన్ని తిరిగి చేపట్టింది కూడా, ఆయన మాటల్లోనే తెలిసినట్టు, అది తప్పని తేలుతుందేమోనన్న అనుమానంతోనే. ఆయన సేకరించిన ఆధారాలు, ఆ తరువాత వచ్చినవి ఎటు మొగ్గుతున్నాయో చూద్దాం.

చూసేవారు లేరన్న వాదం నిలవదు. 1642 నుంచి 1645 వరకు డాన్‌జిగ్‌లో హెవీలియస్ సూర్యబింబాన్ని క్రమంగా గీసి అచ్చు వేయించాడు. 1660ల తరువాత పారిస్ వేధశాలలో జాన్ పికార్, ఆయన తరువాత లా ఈర్, సూర్యుడి వ్యాసాన్నీ స్థానాన్నీ ఏళ్ల తరబడి కొలిచారు. ఇంగ్లండులో ఫ్లామ్‌స్టీడ్, బెర్లిన్ ప్రాంతంలో కిర్ఖ్ కుటుంబం ఉన్నారు. టెలిస్కోపులు గెలీలియో నాటి కంటే మెరుగయ్యాయి. వారి ఆసక్తి తగ్గలేదనడానికి వారి రాతలే సాక్ష్యం. 1671లో పారిస్‌లో ఒక మచ్చ కనబడినప్పుడు, పదేళ్లుగా ఒక్కటీ చూడలేదని పికార్ సంతోషించాడు. 1684లో తాను చూసిన మచ్చ గురించి రాస్తూ, 1676 డిసెంబరు తరువాత తనకు కనబడినది ఇదొక్కటేనని ఫ్లామ్‌స్టీడ్ నమోదు చేశాడు. ఎవరూ పట్టించుకోని వస్తువు గురించి ఎవరూ ఇలా రాయరు. ఒక్క మచ్చ కనబడటమే ప్రకటించదగిన వార్త అయిన కాలమది.

రెండో ఆధారం మచ్చల సంఖ్యకు సంబంధించినది కాదు, అందుకే నాకు మరింత నమ్మకంగా తోస్తుంది. పారిస్ రికార్డులను మళ్లీ కొలిచి చూసినప్పుడు, 1670 తరువాత కనబడిన కొద్దిపాటి మచ్చలు దాదాపు అన్నీ సూర్యుడి దక్షిణార్ధగోళంలోనే ఉన్నట్టు తేలింది. పరిశీలకుడు అశ్రద్ధ చేస్తే రెండు అర్ధగోళాల మచ్చలనూ సమానంగానే వదిలేస్తాడు, ఉత్తరాన్ని మాత్రమే వదిలేయడు. ఇటువంటి అసమానత సూర్యుడి లోపలి అయస్కాంత యంత్రాంగం అసాధారణ స్థితిలో ఉందని సూచిస్తుంది. అంతేకాదు, 1715 తరువాత మచ్చలు రెండు గోళాల్లోనూ తిరిగి పుంజుకున్నాయి, సూర్యుడు చురుగ్గా ఉన్నప్పుడు రాత్రి ఆకాశంలో కనిపించే ధ్రువకాంతులు (అరోరాలు) కూడా యూరప్‌లో మళ్లీ తరచుగా కనబడసాగాయి. చెట్ల వలయాల్లో ఆ కాలానికి చెందిన కార్బన్ 14 హెచ్చుగా ఉంది. వలయాల గురించి తెలిసినవారు ఈ చర్చలో ఉన్నారు గనుక దానిని వారికే వదిలేస్తాను.

అయితే సందేహి గారి అనుమానంలో ఒక భాగం పూర్తిగా న్యాయమైనది, దానిని ఒప్పుకోకుండా దాటవేయడం మంచిది కాదు. 1998లో హాయ్ట్, షాటెన్ అనే ఇద్దరు వందలాది పరిశీలకుల రికార్డులను తవ్వితీసి, విడి మచ్చలను వదిలేసి గుంపులను మాత్రమే లెక్కించే కొత్త వరుసను తయారుచేశారు. చిన్న టెలిస్కోపుతో చూసేవారికి మచ్చలు తప్పిపోవచ్చు గాని గుంపు తప్పిపోవడం కొంత అరుదు గనుక ఆలోచన మంచిదే. వారి సేకరణ కూడా అపారమైనది. కానీ ఒక పరిశీలకుడు ‘ఈ ఏడాదంతా మచ్చ కనబడలేదు’ అని ఒక వాక్యం రాస్తే, ఆ ఏడాది ప్రతిరోజూ ఆయన చూశాడనీ, ప్రతిరోజూ సున్నా అనీ వారు నింపేశారు. మధ్యాహ్నరేఖను దాటే వేళ సూర్యుడి ఎత్తును కొలిచే పనిలో ఉన్నవారు మచ్చల ప్రస్తావన చేయకపోతే, దానిని కూడా చాలాచోట్ల సున్నాగానే తీసుకున్నారు. బొలోన్యాలోని సాన్ పెట్రోనియో చర్చి నేల మీద పడే సూర్యబింబాన్ని కొలిచే వ్యక్తి పంచాంగ గణన కోసం అక్కడ ఉన్నాడు. బింబం మీద చిన్న మచ్చ ఉన్నా అతడు రాయాలన్న నియమం లేదు. ఇలా చేరిన సున్నాల వల్ల మాండర్ కాలం మరీ ఖాళీగా, రికార్డు మరీ సంపూర్ణంగా కనిపించింది. 2016లో వాకెరో బృందం ఆ సేకరణను సవరించి, నిజంగా చూసి లేదని రాసిన రోజులనే సున్నాగా ఉంచింది. సవరించిన తరువాత కూడా కనిష్ఠం కనిష్ఠంగానే ఉంది, అయితే అది ఎంత లోతైనది, అందులో బలహీనమైన చక్రాలు ఎలా నడిచాయన్న విషయంలో ఇంకా వాదాలున్నాయి.

కాబట్టి నా సలహా సందేహి గారి సలహాకు భిన్నం. 1874కు ముందు రికార్డును పారేస్తే మనకు మిగిలేది పదమూడు, పద్నాలుగు చక్రాలు. అందులో మాండర్ కనిష్ఠం వంటి మహా కనిష్ఠం ఒక్కటి కూడా ఉండదు. సూర్యుడు అంత నిశ్శబ్దంగా ఉండగలడని టెలిస్కోపు ద్వారా తెలిపే రికార్డు పదిహేడో శతాబ్దానిది ఒక్కటే. లోపాలున్నంత మాత్రాన దానిని వదులుకోలేము, ఆ లోపాల స్వభావాన్ని కనిపెట్టి వాడుకోవలసిందే.

వక్రరేఖ

పాతపటం గారికీ, తాళపత్రం గారికీ కృతజ్ఞతలు. నిష్పత్తుల గ్రాఫు ఈ వారమే గీయిస్తాను. సందేహి గారి అభ్యంతరం కూడా ప్రాజెక్టు నివేదికలో చోటు దక్కించుకోదగినదే. ఇంకో సందేహం మిగిలింది. చెట్ల వలయాలలోని కార్బన్ 14తో వేల ఏళ్ల సౌరచర్యను తెలుసుకోవచ్చు అంటున్నప్పుడు, మనుషుల లెక్కల మీద ఇంతగా ఆధారపడవలసిన అవసరం ఏమిటి? ఆ వలయాలనే నేరుగా వాడితే పరిశీలకుడి గుణకాల గొడవే ఉండదు కదా? అలాగే టెలిస్కోపుకు ముందు చైనావారు కంటితో చూసి రాసిన మచ్చల రికార్డులు ఎంతవరకు పనికొస్తాయి?

జవాబు: వలయం

పరిశీలకుడి గుణకం ఉండదు గాని, దానికంటే చిక్కైన గుణకాలు ఉంటాయి. సౌరచర్య హెచ్చుగా ఉన్నప్పుడు సూర్యుడి అయస్కాంత క్షేత్రం అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలను ఎక్కువగా అడ్డుకుంటుంది. భూమి పై వాతావరణంలో ఆ కిరణాల వల్ల పుట్టే న్యూట్రాన్లు నైట్రోజన్‌ను కార్బన్ 14గా మారుస్తాయి గనుక, సూర్యుడు మందంగా ఉన్న కాలంలో కార్బన్ 14 పెరుగుతుంది. కానీ అది పుట్టగానే చెట్టులోకి చేరదు. గాలిలో, సముద్రంలో, అడవుల్లో కలిసి తిరిగాక చేరుతుంది. ఆ క్రమంలో పదకొండేళ్ల హెచ్చుతగ్గులు చాలావరకు చదునైపోతాయి. పైగా భూమి సొంత అయస్కాంత క్షేత్రం కూడా శతాబ్దాల వెంబడి మారుతూ ఉంటుంది, దాని ప్రభావాన్ని విడదీయాలి. ధ్రువాల మంచులో దొరికే బెరీలియం 10 ఒకటి రెండేళ్లలోనే నేలకు దిగుతుంది గనుక ఆలస్యం తక్కువ, కానీ ఆ చోట ఎంత మంచు కురిసిందన్నదాని మీద దాని మోతాదు ఆధారపడుతుంది.

అసలు ఇబ్బంది మరొకటి. ఈ కార్బన్ 14 హెచ్చు ఎన్ని మచ్చలకు సమానమో చెప్పాలంటే, రెండు రికార్డులూ ఉన్న కాలంలో వాటిని పోల్చి చూడాలి. ఇరవయ్యో శతాబ్దం మధ్య నుంచి అణుబాంబుల పరీక్షలు వాతావరణంలోని కార్బన్ 14ను అమాంతంగా పెంచేశాయి. అంతకు ముందు నుంచే బొగ్గు, చమురు మండించడం వల్ల అది పలచబడుతోంది. అంటే మచ్చల లెక్కలు అత్యంత నాణ్యంగా ఉన్న కాలంలోనే వలయాలు పనికిరాకుండా పోయాయి. కనుక పోలికకు మిగిలేది పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిదో శతాబ్దాలే, అవి పాత పరిశీలకుల రికార్డుల కాలం. వలయాలు మనుషుల లెక్కలకు ప్రత్యామ్నాయం కాలేవు, ఆ లెక్కలతోనే వాటిని సరిచూసుకోవాలి.

అలాగని వలయాలను తక్కువ చేయడం లేదు. 2021లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 969 నుంచి 1933 వరకు ఏడాదికొక వలయం చొప్పున కొలిచి, పదకొండేళ్ల చక్రాలను దాదాపు వెయ్యేళ్ల పొడవునా చూపించారు. మాండర్ కనిష్ఠంలోనూ చక్రం పూర్తిగా ఆగిపోలేదని, బలహీనంగా నడుస్తూనే ఉందని అందులో కనిపిస్తుంది. పదిహేనో శతాబ్దం నడుమ నుంచి పదహారో శతాబ్దం నడుమ దాకా మరో దీర్ఘ కనిష్ఠం ఉందని, దానికి ష్పోరర్ పేరు పెట్టారని మనకు తెలిసింది ఇటువంటి ఐసోటోపుల వల్లనే, టెలిస్కోపు అప్పటికింకా లేదు.

కంటితో చూసిన రికార్డుల విషయంలో జాగ్రత్త అవసరం. క్రీ.పూ. 28లో చైనా ఆస్థాన చరిత్రలో, ఉదయించే సూర్యుడి నడుమ నాణెమంత నల్లని ఆవిరి కనబడినట్టు రాసి ఉంది. తరువాతి శతాబ్దాల రాతల్లో కోడిగుడ్డంత, రేగుపండంత వంటి వర్ణనలు వస్తాయి. కంటికి కనబడాలంటే మచ్చ చాలా పెద్దదై ఉండాలి, సూర్యుడు ధూళిలోనో పొగమంచులోనో మసకబారి ఉండాలి, ఆ పైన ఆస్థాన జ్యోతిష్కుడు దానిని శకునంగా భావించి రాయాలి. రాజ్యాలు స్థిరంగా ఉన్నప్పుడు రికార్డులు హెచ్చు, కల్లోలంలో తక్కువ. కాబట్టి ఒక రికార్డు ఉంటే ఆనాడు పెద్ద మచ్చ ఉందని నమ్మవచ్చు, రికార్డు లేనంత మాత్రాన మచ్చ లేదనలేము. కొన్ని మాత్రం అద్భుతంగా జత కుదురుతాయి. 1128 డిసెంబరు 8న ఇంగ్లండులో జాన్ ఆఫ్ వూస్టర్ అనే సన్యాసి తన చరిత్రగ్రంథంలో సూర్యుడి మీద రెండు మచ్చలు గీసిపెట్టాడు. సరిగ్గా అయిదు రోజుల తరువాత కొరియాలో రాత్రి ఆకాశంలో ఎర్రని కాంతి, అంటే ధ్రువకాంతి, కనబడినట్టు అక్కడి చరిత్రలో ఉంది.

పాత చిత్రాల్లో సంఖ్యకంటే స్థానమే ఎక్కువ చెప్పిన సందర్భం కెప్లర్‌ది. టెలిస్కోపు రాకముందే, 1607 మేలో, ప్రాగ్‌లో చీకటి గదిలోకి సన్నని రంధ్రం గుండా పడిన సూర్యబింబం మీద ఆయన ఒక చుక్కను చూసి, బుధగ్రహం సూర్యుడికి అడ్డుగా వచ్చిందనుకొని గీశాడు. అది మచ్చల గుంపు. ఈమధ్య ఆ చిత్రాన్ని మళ్లీ లెక్కగట్టి, ఆ గుంపు సూర్యుడి మధ్యరేఖకు దగ్గరగా ఉందని తేల్చారు. చక్రం మొదట్లో మచ్చలు మధ్యరేఖకు దూరంగా, ముగిసే దశలో దగ్గరగా పుడతాయి గనుక, 1607 ఒక చక్రం తోక భాగమని ఊహించడానికి ఆ ఒక్క చిత్రం ఉపయోగపడింది.

జవాబు: కొండగాలి

మన దేశపు రికార్డుల ప్రస్తావన ఎవరూ తేలేదు గనుక రాస్తున్నాను. సందేహి గారు చెప్పిన 1874 నాటి ఫొటోల వరుస గ్రీనిచ్ వేధశాలది, అది 1976 వరకు నడిచింది. లండన్ ఆకాశం తెలిసిందే కదా, మబ్బు పట్టిన రోజుల ఖాళీలను దక్షిణాఫ్రికాలోని కేప్, మారిషస్, మన డెహ్రాడూన్, ఆ తరువాత కొడైకెనాల్ నుంచి వచ్చిన ఫొటోలతో పూరించేవారు. కాబట్టి గ్రీనిచ్ అని పిలుస్తున్న వరుసలో మన ఆకాశం నుంచి తీసినవి కూడా ఉన్నాయి. ఫొటో కాబట్టి నిష్పక్షపాతమనుకోనక్కరలేదు. గ్రీనిచ్ తొలి దశాబ్దంలో గుంపుల లెక్కలు క్రమంగా పెరుగుతూ వచ్చాయి, అందుకు కారణం సూర్యుడు కాదు, వారి పద్ధతులు ఇంకా కుదురుకోకపోవడం. హాయ్ట్, షాటెన్ వరుసలో పంతొమ్మిదో శతాబ్దం మరీ తక్కువగా కనబడడానికి, ఆ దశాబ్దాన్ని గట్టి పునాదిగా తీసుకోవడం ఒక ముఖ్య కారణం.

కొడైకెనాల్‌లో 1904 నుంచి తెల్లకాంతిలో సూర్యుడి ఫొటోలు క్రమంగా తీస్తున్నారు. కాల్షియం కాంతిలో తీసినవి కూడా ఇంచుమించు అంతే పాతవి. ఒకే చోట, దాదాపు ఒకే రకపు పరికరంతో నూరేళ్లకు పైగా సాగిన ఇటువంటి వరుసలు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కించదగినవి. ఆ ఫొటో పలకలన్నిటినీ డిజిటల్ రూపంలోకి మార్చారు. అందులో మచ్చల సంఖ్యే కాక విస్తీర్ణం, అక్షాంశం, గుంపు ఎంత వాలుగా ఉందన్నదీ కొలవవచ్చు. దీర్ఘకాలిక అధ్యయనానికి వోల్ఫ్ సంఖ్య కంటే ఇవే ఎక్కువ పనికొస్తాయని నా నమ్మకం, ఎందుకంటే రేపు మనకు కొత్త ప్రశ్న తోస్తే పలకను మళ్లీ కొలవవచ్చు, ఎవరో వేసిన మొత్తాన్ని మళ్లీ విడదీయలేము.

ఆ వేధశాల పుట్టుక వెనుక రాయలసీమను పీడించిన ధాత కరువు నీడ కూడా ఉంది. 1876-78 కరువు కాలంలో, సౌరమచ్చలు తగ్గిన ఏళ్లలో వర్షాలు తగ్గి కరువు వస్తుందేమోనని ఖగోళశాస్త్రజ్ఞుడు లాకియర్, భారత ప్రభుత్వ గణాంకాధికారి హంటర్ 1877లో గట్టిగా వాదించారు, భారతదేశంలో సూర్యుణ్ణి క్రమంగా గమనించాలన్న ఒత్తిడికి అది ఊతమిచ్చింది. కరువును ముందుగా చెప్పే ఆ సూత్రం నిలవలేదు. దాని పేరు మీద మొదలైన రికార్డు నిలిచింది.

మీ విద్యార్థులు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటి ఉంది: భూమి వేడెక్కడానికి సూర్యుడే కారణమా? పాత గ్రాఫులో మూడు శతాబ్దాల పాటు శిఖరాలు మెట్లెక్కినట్టు కనిపించేవి గనుక ఆ అనుమానానికి చోటుండేది, 2004లోనైతే గత డెబ్బై ఏళ్ల సౌరచర్య ఎనిమిది వేల ఏళ్లలోనే అసాధారణమని ఐసోటోపుల ఆధారంగా ఒక అంచనా కూడా వచ్చింది. కొత్త కూర్పులో ఆ ఎగుబాటు చాలావరకు పోయింది. అంతకంటే సూటి సంగతి ఏమిటంటే, 1979 నుంచి 2014 వరకు నాలుగు చక్రాల శిఖరాలు (పదమూడు నెలల సగటులో) వరుసగా 233, 212, 180, 116గా దిగుతూ వచ్చిన కాలంలోనే ఉష్ణోగ్రత పెరిగింది.

జవాబు: పాతపటం

కొండగాలి గారి మాటకు ఒక చిన్న చేర్పు. గుంపుల లెక్కల విషయంలో ఏకాభిప్రాయం ఇంకా లేదు. హాయ్ట్, షాటెన్ వరుస పద్దెనిమిది, పంతొమ్మిదో శతాబ్దాలను తక్కువగా చూపుతుంది. 2016లో స్వాల్‌గార్డ్, షాటెన్ తయారుచేసిన వరుస వాటిని ఎక్కువగా చూపుతుంది. అదే ఏడాది ఉసోస్కిన్ బృందం, ఒక పరిశీలకుడు చూసిన రోజుల్లో ఎన్నింటిలో మచ్చలు కనబడ్డాయన్న వంతును బట్టి అతడి సామర్థ్యాన్ని నిర్ణయించి గీసిన వరుస ఆ రెండింటి నడుమ పడుతుంది. వక్రరేఖ గారు ఈ మూడింటినీ ఒకే కాగితం మీద గీయిస్తే బాగుంటుంది. మూడూ 1900 తరువాత దాదాపు కలిసిపోతాయి, వెనక్కు వెళ్లేకొద్దీ విడిపోతాయి. ఆ విడిపోయిన వెడల్పునే అనిశ్చితిగా భావించమని విద్యార్థులకు చెప్పండి. 1778 శిఖరం మీద గీయవలసిన దోషపు గీత (ఎర్రర్ బార్) పొడవు ఎంతో స్థూలంగా అక్కడే తెలుస్తుంది.

పట్టికను వాడేటప్పుడు ఒక్కటి గమనించండి. సిల్సో వార్షిక ఫైలులో విలువ పక్కన ప్రామాణిక విచలనం, పరిశీలనల సంఖ్య అనే రెండు నిలువు వరుసలున్నాయి. తొలి శతాబ్దపు అడ్డువరుసల్లో ఆ రెండు చోట్లా -1 అని ఉంటుంది. అది కొలత కాదు, ఆ సమాచారం లేదని చెప్పే గుర్తు. సగటులు తీసే ప్రోగ్రాము దానిని అంకెగా చదివితే 1700 నాటి పరిశీలన నేటి పరిశీలన కంటే కచ్చితమైనదన్న ఫలితం వస్తుంది, కాబట్టి గ్రాఫు గీయకముందే ఆ గడులను ఖాళీగా మార్చమనండి.